కార్బన్ కాగితం

జిల్లా కేంద్రం నుంచి ఎర్రబండి రావాలంటే
రెండు వందల కిలోమీటర్లు, సగం దారి అడవే.
అదొచ్చేసరికి బూడిద కూడ చల్లారిపోతది.
ప్రాణహిత అవతల తెలంగాణ బండి ఉన్నది,
దాటటానికి వంతెన ఉన్నది,
వాళ్ల కాగితంల మా ఊరు లేదు.

అందుకే కమిటీ పెట్టుకున్నం.
పాత ట్రాక్టరు, ఐదు వేల లీటర్ల ట్యాంకరు,
ఒక మోటారు, అతుకులేసిన పైపు.
ఇంటికి ఏడాదికి మూడొందలు.
కట్టినోళ్ల దర్వాజ మీద నీలం సున్న.
పావతి బుక్కు నా దగ్గర పెట్టిన్రు,
అక్షరం గుండ్రంగ ఉంటదని.

దుర్గం లస్మక్క కట్టలే.
మూడుసార్లు పోయిన.
పత్తి ఏరిన కూలి ఇంక రాలేదన్నది ఒకసారి.
రెండోసారి చాయ్ పోసింది.
మూడోసారి నవ్వింది:
"నా ఇంట్ల ఏమున్నదని కాలుతది బిడ్డా?"
నేను కూడ నవ్విన.
నీలం డబ్బా మూత పెట్టుకొని వాపసొచ్చిన.

మిర్చి కల్లాలు ఆరబెట్టిన మార్చి నెల.
పగటి పూట, పడమటి గాలి.
లస్మక్క కప్పు మీద ముందు సన్నగ, పొయ్యి పొగ లెక్క.
మొండన్న ట్రాక్టరు స్టార్టు చేసి నా దిక్కు చూసిండు.
"ఉన్నదా?" అన్నడు.
మంట ఉన్నదా అని కాదు.
పేరు ఉన్నదా అని.

బుక్కు తెరిచిన.
లేదని నాకు తెలుసు.
తెలిసి కూడ తిప్పిన,
వేలు నాలిక మీద తడి చేసుకుంట,
దుర్గం పోచం, దుర్గం మల్లు, దుర్గం సమ్మయ్య,
ఒక్కో పేరు కింద గోరు పెట్టి.
పదకొండు పేజీలు.
కార్బన్ నలుపు వేళ్లకంటింది.
ఇంజను అట్లనే గుడగుడలాడుతున్నది,
డీజిలు కమిటీదే.

పన్నెండో పేజీ అవసరం రాలే.
నిప్పు లస్మక్క వాసం దిగి
జాడి సడవలి కల్లంల అడుగు పెట్టింది.
సడవలిది పావతి నంబరు ఒకటి.
నలభై క్వింటాళ్ల మిర్చి అంటుకుంటే
ఊపిరి ఎట్లుంటదో చూడనోళ్లకు చెప్పలేను.
కట్టినోళ్లు దగ్గిన్రు, కట్టనోళ్లు దగ్గిన్రు,
తొట్టెలల పసిపిల్లలు దగ్గిన్రు, కుక్కలు దగ్గినయి.
మొండన్న కండ్లు మూసుకొని ట్రాక్టరు నడిపిండు,
మోరీల దించిండు.

మీటింగు రెండు రాత్రులు నడిచింది.
చందా ఐదొందలు చేద్దామన్నరు కొందరు.
కట్టనోళ్ల ఇల్లు ఆర్పితే ఐదువేలు వసూలన్నరు.
ఇంటిపన్నుల కలిపి, ఉన్నోనికి ఎక్కువ లేనోనికి తక్కువ
పంచాయతీకే ఇద్దామన్నడు బడి పంతులు.
"నా పైసలతోటి ఆమె కప్పా?" అన్నడు సడవలి,
అని, తన మాట తనే విన్నట్టు ఆగిపోయిండు.
అతని మీసాలు ఇంకా మసివాసన.

నేనేం మాట్లాడలే.
మూడొందలు లేకుంటే డీజిలేదని
నా లోపల ఒక మునీము ఇప్పటికీ అడుగుతనే ఉన్నడు.
వానికి జవాబు పూర్తిగ దొరకలే.

చివర్న కూసున్న లస్మక్క లేవకుండనే అన్నది:
"సబ్బుకు కట్టిన సర్కారుకు. చెప్పులకు కట్టిన.
ఆ పొద్దు పొయ్యి ముట్టిచ్చిన
అగ్గిపెట్టెకు కూడ కట్టిన గదా.
దానికి పావతి నన్నెవరడిగిన్రు?"

నెల తర్వాత తాలూకా ఆఫీసు సొమ్ముల నుంచి
మూడు నోట్లు తెచ్చి నా చేతుల పెట్టింది.
రాయమన్నది.
పేరు రాసిన. కింద కాగితం మీద కూడ పడ్డది పేరు.
తారీఖు దగ్గర పెన్ను ఆగింది.
ఆమెకు చదువు రాదు.
ఏ తారీఖైనా వెయ్యొచ్చు నేను.

"సున్న ఎయ్యవా?" అన్నది.
నీలం డబ్బా పట్టుకొని వెనకనే పోయిన.
నాలుగు వెదురు బొంగులు, పైన టార్పాలిన్,
గాలికి కొట్టుకుంటున్న ఒక మూల.
కుంచె పట్టుకొని నిలబడ్డ.
ఎక్కడ ఎయ్యాలె అక్కా, అన్న.

"ట్యాంకరు మీద ఎయ్యి" అన్నది,
అని, నన్నక్కడనే ఇడిసి నీళ్లకు పోయింది.